స్ప్రే ఫోమ్ ఇన్సులేషన్: అటిక్‌లో, గోడల్లో అసలు ఏం మారుతుంది?

మన ఇళ్లలో అటక అంటే పాత ఇత్తడి బిందెలు, ఖాళీ ఊరగాయ జాడీలు, బొమ్మల కొలువు పెట్టె దాచుకునే చోటు. అమెరికా ఇంట్లో అటిక్ అనే మాట వినడానికి దీనికి దగ్గరగానే ఉంటుంది, ఉండేదీ తలపైనే, కానీ చేసే పని వేరు. గదుల సీలింగ్‌కీ ఏటవాలు పైకప్పుకీ మధ్య మిగిలే చీకటి ఖాళీ అది. టెక్సస్‌లో ఇళ్లకు బేస్‌మెంట్లు అరుదు కాబట్టి ఏసీ యంత్రం, గదులకు చల్లగాలి మోసే డక్టులు, చాలా ఇళ్లలో నీళ్లు కాచే హీటర్ కూడా అక్కడే ఉంటాయి.

మేముండేది డాలస్ శివారులో. పోయిన జులైలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి హాల్లో మడత నిచ్చెన కిందికి లాగి, థర్మామీటర్ పట్టుకుని పైకి ఎక్కాను. ఎండిన కర్ర వాసన, దాని వెనకే కట్టెల పొయ్యి ముందు కూర్చున్నప్పటి సెగ. ఐదు నిమిషాల్లో అంకె 130 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది, అంటే 54 సెల్సియస్ పైమాటే. అంత వేడిలో వెండిరంగు తొడుగు వేసుకున్న డక్టు ఒకటి నా మోకాలికి తగులుతోంది. మా పాప గదికి చల్లగాలి దాంట్లోంచే వెళ్తుంది.

ఆ వారమే ఇద్దరు ఫోన్ చేశారు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉండే మిత్రుడికి ఒక కాంట్రాక్టర్, పైకప్పు లోపలివైపంతా స్ప్రే ఫోమ్ కొట్టిస్తే కరెంటు బిల్లు సగమైపోతుందని చెప్పాడట. ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గరుండే మా పిన్ని కూతురు ఇల్లు కొనబోతే, ఆ ఇంటి పైకప్పుకి స్ప్రే ఫోమ్ ఉందని బ్యాంకు లోన్ ఇవ్వనందట. ఒకచోట వరమన్నదే ఇంకోచోట శాపమెలా అయిందో తెలియాలంటే ముందు ఇంట్లోకి వేడి ఎలా వస్తుందో చూడాలి.

తాటాకు ఇల్లు, ఫ్రిజ్ గోడ: రెండింట్లోనూ పని చేసేది ఆగిపోయిన గాలే

వేడి మూడు దారుల్లో కదులుతుంది. ఒకటి, పదార్థం గుండా పాకడం: గరిటె ఒక కొస పులుసులో ఉంటే రెండో కొస చెయ్యి కాలుస్తుంది. రెండు, గాలితో కలిసి ప్రయాణించడం: తలుపు సందులోంచి వచ్చే వడగాలి. మూడు, కాంతిలా నేరుగా తగలడం: ఎండలో నిలబడితే ఒంటికి తెలిసేది.

మొదటి దారిని అడ్డుకోవడానికి చవకైన సాధనం కదలకుండా నిలిచిన గాలి. తాటాకు కప్పు వేసవిలో చల్లగా ఉండేది అందుకే. పొరలు పొరలుగా పరిచిన ఆకుల మధ్య గాలి చిక్కుకుపోయి ఉంటుంది. అటిక్‌లో పరిచే గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్, కాగితపు ముక్కలతో చేసే సెల్యులోజ్ కూడా చేసేది ఇదే పని. ఫ్రిజ్ గోడలో నిండి ఉండేది పాలీయురెథేన్ ఫోమ్. మనవైపు కోల్డ్ స్టోరేజీల్లో ‘పఫ్’ ప్యానెల్ అనేదాని లోపల ఉండేదీ అదే. స్ప్రే ఫోమ్ ఆ కుటుంబంలోదే. ఫ్యాక్టరీలో కాకుండా మన ఇంట్లోనే, మన వాసాల మీదే తయారవుతుంది. ఈ ఒక్క తేడా నుంచే దాని మంచీ చెడూ చాలావరకు పుట్టాయి.

ఫైబర్‌గ్లాస్ మొదటి దారిని బాగానే అడ్డుకుంటుంది, రెండోదాన్ని కాదు. ఉన్ని స్వెట్టర్ వేసుకుని బండి మీద వెళ్తే చలిగాలి దూరినట్టే, దాంట్లోంచి గాలి దూరుతుంది. ఫోమ్ ఉబ్బి పగుళ్లలోకి, సందుల్లోకి వెళ్లి అంటుకుపోతుంది కాబట్టి ఇన్సులేషన్, గాలి కట్టడి రెండూ ఒకేసారి జరుగుతాయి. ఫోమ్‌కి ఉన్న అసలు బలం ఇదే. అంగుళానికి ఇంత ఆర్-వ్యాల్యూ అంటూ బ్రోషర్‌లో వేసే పెద్ద అంకె దీని తర్వాతే.

ఆర్-వ్యాల్యూ పెరిగేకొద్దీ లాభం ఎందుకు తగ్గుతుంది

వేడిని ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వ్యాల్యూ. ఎక్కువైతే మంచిది. దీన్ని కంపెనీలు ఇష్టమొచ్చినట్టు చెప్పకుండా అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లోనే ఒక నిబంధన తెచ్చింది. ఫైబర్‌గ్లాస్, సెల్యులోజ్ అంగుళానికి సుమారు 3 నుంచి 3.8 ఇస్తాయి. స్ప్రే ఫోమ్‌లో రెండు రకాలు: మెత్తటి ఓపెన్ సెల్ ఫోమ్ 3.5 నుంచి 3.8, గట్టి క్లోజ్డ్ సెల్ ఫోమ్ 6 నుంచి 7.

లెక్క సులువే: వైశాల్యాన్ని రెండువైపుల ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, ఆర్-వ్యాల్యూతో భాగిస్తే గంటకు ఎన్ని బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి దాటుతుందో వస్తుంది. 12,000 బీటీయూలు అంటే ఒక టన్ను ఏసీ గంటలో తీసేసే వేడి. 1,500 చదరపు అడుగుల సీలింగ్, పైన 130 డిగ్రీలు, కింద 75 అనుకుందాం. తేడా 55.

పాత ఇంట్లో అణిగిపోయిన ఇన్సులేషన్ ఆర్-11 ఉంటే గంటకు 7,500 బీటీయూలు కిందికి దిగుతాయి. ఆర్-38కి పెంచితే 2,170. ఆర్-60కి తీసుకెళ్తే 1,375. మొదటి అడుగులో 5,330 మిగిలింది, రెండో అడుగులో 795 మాత్రమే. ఇప్పటికే ఆర్-38 ఉన్న ఇంటికి ఎవరైనా వచ్చి ‘రెట్టింపు చేస్తాం’ అంటే, ఆదా కూడా రెట్టింపవుతుందని అనుకోవడం పొరపాటు. ఇళ్ల నిర్మాణానికి నమూనాగా రాసే నిబంధనల్లో ఒకటైన 2021 నాటి మోడల్ ఎనర్జీ కోడ్ డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్లకు అటిక్‌లో ఆర్-49, న్యూజెర్సీ లాంటి చలి ప్రాంతాలకు ఆర్-60 అంటుంది. ప్రతి ఊరూ ఆ కోడ్‌నే పాటించదు, ఎక్కడికక్కడ పాత ఎడిషన్లు నడుస్తూ ఉంటాయి.

రెండు పీపాలు, ఒక గన్, రెండు రకాల నురగ

ఫోమ్ కొట్టేవాళ్ల ట్రక్కులో రెండు పీపాలుంటాయి. ఒకదాంట్లో ఐసోసయనేట్. రెండోదాంట్లో పాలీయాల్, దాంతోపాటు ఉత్ప్రేరకాలు, మంటను అణిచే రసాయనాలు, ఉబ్బించే పదార్థం. వేడెక్కిన గొట్టాల్లో వచ్చి ఈ రెండూ గన్ కొసన సమపాళ్లలో కలుస్తాయి. చెక్క మీద పడగానే పూరీ పొంగినట్టు కళ్లముందే పొంగి, కొన్ని సెకన్లలో గట్టిపడతాయి.

ఓపెన్ సెల్ ఫోమ్ తేలిక, ఘనపు అడుగుకి అర పౌను. పడినదానికి దాదాపు వంద రెట్లు ఉబ్బుతుంది. నొక్కితే స్పాంజిలా లోపలికి పోతుంది. గాలిని ఆపుతుంది కానీ నీటి ఆవిరిని ఆపదు. క్లోజ్డ్ సెల్ ఘనపు అడుగుకి రెండు పౌన్లు, గోరుతో గుచ్చితే దిగదు. రెండంగుళాల మందానికి ఆవిరిని కూడా దాదాపు కట్టేస్తుంది, గోడకు కాస్త బిగువునూ ఇస్తుంది. ధర ఎక్కువ.

పర్యావరణం మాట ఇక్కడే వస్తుంది. ఓపెన్ సెల్‌ని ఉబ్బించేది ప్రధానంగా నీటి చర్యలో పుట్టే కార్బన్ డయాక్సైడ్. క్లోజ్డ్ సెల్‌లో ఎన్నో ఏళ్లపాటు హెచ్‌ఎఫ్‌సీ వాయువులు వాడారు. వాటిలో ఒకటైన 245ఎఫ్‌ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు వెయ్యి రెట్లు బలమైనది. కరెంటు ఆదా చేసి కాలుష్యం తగ్గించాలనుకుని పెట్టిన ఫోమ్ తన సొంత పాపం కడుక్కోవడానికే ఏళ్లు పట్టేదన్న విమర్శ అప్పట్లో సబబే. ఇప్పుడు అమెరికాలో 2025 జనవరి 1 నుంచి ఫోమ్‌లలో అంత బలమైన వాయువులపై పరిమితి వచ్చింది. కొత్త క్లోజ్డ్ సెల్ ఎక్కువగా హెచ్‌ఎఫ్‌ఓలనే కొత్త రకం వాయువులతో వస్తోంది, వాటి ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా, ఒకటికి దగ్గరలో ఉంటుంది.

సరిహద్దు సీలింగ్ దగ్గరా, పైకప్పు దగ్గరా?

మామూలు అటిక్‌లో ఇన్సులేషన్ సీలింగ్ మీద పరుస్తారు. అటిక్ బయటి ప్రపంచంలో భాగం. చూరు కింద రంధ్రాల్లోంచి గాలి వచ్చి, కప్పు మీది రంధ్రాల్లోంచి పోతుంది. ఇది వెంటెడ్ అటిక్. ఫోమ్‌వాళ్లు ఆ రంధ్రాలన్నీ మూసి, వాసాల మధ్య, పైచెక్క లోపలివైపుకు ఫోమ్ కొడతారు. దాంతో అటిక్ ఇంటి లోపలి గది అయిపోతుంది. ఇంటి సరిహద్దు సీలింగ్ నుంచి పైకప్పుకి జరిగింది. పైకప్పుకి ఫోమ్ కొట్టి చూరు రంధ్రాలు మూయడం మర్చిపోతే ఖర్చంతా దండగే, సరిహద్దు ఎక్కడా లేనట్టు.

దీనివల్ల లాభమా? మా మిత్రుడి ఇంటిలాంటి ఇంటికి కాగితం మీద లెక్క వేశాను. జులై మధ్యాహ్నపు తీవ్రత, సులువు కోసం కొన్ని విషయాలు వదిలేసిన లెక్క అని గుర్తుంచుకోండి.

మామూలు అటిక్: సీలింగ్ 1,500 చదరపు అడుగులు, ఆర్-38. గంటకు 2,170 బీటీయూలు. డక్టుల పైవైశాల్యం 400 చదరపు అడుగులు, తొడుగు ఆర్-8, లోపల 55 డిగ్రీల గాలి, బయట 130. అక్కడ 3,750. డక్టు అతుకుల్లోంచి పదోవంతు చల్లగాలి అటిక్‌లోకి కారిపోతోందనుకుంటే, మూడు టన్నుల ఏసీకి అది 3,600. మొత్తం 9,520. ఇందులో సీలింగ్ వాటా పావు వంతు కూడా లేదు. మిగిలిందంతా ఆ వెండిరంగు గొట్టాలదే.

ఫోమ్ అటిక్: కప్పు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వైశాల్యం పెరుగుతుంది. పన్నెండు అడుగులకు ఎనిమిది అడుగులు లేచే వాలైతే 1,500 కాస్తా 1,800 అవుతుంది, చివరి త్రికోణపు గోడలు కలిపి 2,000. అయిదున్నర అంగుళాల ఓపెన్ సెల్ అంటే సుమారు ఆర్-20. ఎండకు కాలే చెక్క 150 డిగ్రీలు, లోపల అటిక్ 80. దాటేది 7,000. డక్టుల్లోంచి కారే చల్లదనం ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని కలపనక్కర్లేదు. మొత్తం మీద 9,520కి బదులు 7,000, పావు వంతుకు పైగా ఆదా. అయితే ఇది పైకప్పు, డక్టుల వాటాలో ఆదా. కిటికీలు, గోడలు, బయటి గాలి, లైట్లు, మనుషులు అన్నీ కలిపిన మొత్తం బిల్లులో సగం తగ్గుతుందనడానికి ఇందులో ఆధారం లేదు. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ వాళ్లు చెప్పే సగటే చూడండి: సందులు మూసి, అటిక్ లాంటి చోట్ల ఇన్సులేషన్ పెంచితే వేడి చేయడానికి, చల్లబరచడానికి అయ్యే ఖర్చులో సుమారు 15 శాతం.

ఇప్పుడు మూడో ఇల్లు. మామూలు అటిక్‌నే ఉంచి, సీలింగ్‌లోని సందులు మూసి, ఊదే సెల్యులోజ్‌తో ఆర్-49కి పెంచి, డక్టు అతుకులు మాస్టిక్ అనే చిక్కటి పూతతో మూసి కారడాన్ని పది శాతం నుంచి మూడుకు తెచ్చామనుకోండి. సీలింగ్ 1,685, డక్టు తొడుగు 3,750, కారేది 1,080. కలిపితే 6,515. ఫోమ్ ఇంటికంటే తక్కువే! ఈ పనికి ఖర్చు కూడా మామూలుగా ఫోమ్ కంటే బాగా తక్కువ.

మరి న్యూజెర్సీలో ఏసీ, ఇల్లు వేడి చేసే ఫర్నేస్, డక్టులు అన్నీ బేస్‌మెంట్లో ఉన్న ఇల్లు? అక్కడ అటిక్‌లో కాపాడాల్సిన డక్టే లేదు. చలికాలంలో 1,500 చదరపు అడుగుల ఆర్-38 సీలింగ్‌కి బదులు 2,000 అడుగుల ఆర్-20 కప్పును సరిహద్దు చేస్తే వేడి రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది. ‘ఫోమ్ ఆర్-20 అంటే ఫైబర్‌గ్లాస్ ఆర్-38తో సమానం’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట గాలి కారడాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఇన్సులేషన్ గుండా పాకే వేడికి మాత్రం ఆ మాట వర్తించదు.

ఫోమ్‌వైపు నిలబడేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. చాలా ఇళ్లలో డక్టులు కొన్ని చోట్లకు చెయ్యే దూరనంత మూలల్లో ఉంటాయి, వాటిని మూడు శాతానికి తేవడం చెప్పినంత తేలిక కాదు. కప్పు నిండా వంపులు, మలుపులు ఉండే కొత్త టెక్సస్ ఇళ్లలో సీలింగ్ సందులు వెతకడమూ కష్టమే. ఏసీ యంత్రం 130 డిగ్రీల్లో కాకుండా 80 డిగ్రీల్లో పని చేయడం, అటిక్‌లో సూట్‌కేసులు పెట్టుకోగలగడం, దుమ్ము తగ్గడం లాంటివి బీటీయూల లెక్కలోకి రాని లాభాలు.

గోడలో కర్ర నిట్టాడలు లెక్కను ఎలా మారుస్తాయి

అమెరికా ఇంటి గోడ లోపల పదహారు అంగుళాలకొకటి చొప్పున కర్ర నిట్టాడలుంటాయి, అక్కడ స్టడ్లంటారు. వాటి మధ్య ఖాళీలోనే ఇన్సులేషన్. మూల కర్రలు, కిటికీల చుట్టూ ఉండేవి కలిపితే గోడలో దాదాపు పావు భాగం కర్రే. కర్ర ఆర్-వ్యాల్యూ అంగుళానికి ఒకటింపావు, అంటే మూడున్నర అంగుళాల స్టడ్‌కి 4.4.

ఖాళీల్లో ఆర్-13 ఫైబర్‌గ్లాస్ ఉంటే, కర్రతో కలిపి సగటున గోడ ఇచ్చేది 8.7. దాన్ని తీసి ఆర్-21 క్లోజ్డ్ సెల్ ఫోమ్ నింపితే 10.8. ఖాళీలో 60 శాతం పెంచితే గోడలో పెరిగింది సుమారు 24 శాతం. మిగతా వేడి కర్రల గుండా దర్జాగా దాటిపోతోంది. కర్రల మీదుగా, గోడ బయటివైపు ఒక అంగుళం ఫోమ్ బోర్డు పరిచేవాళ్లు ఈ కారణంగానే ఉన్నారు.

ఇంకో చిక్కు: స్ప్రే ఫోమ్ కొట్టాలంటే గోడ తెరిచి ఉండాలి. కొత్తగా కడుతున్న ఇంట్లో, రీమోడలింగ్‌లో అది కుదురుతుంది. కాపురమున్న ఇంట్లో షీట్‌రాక్ (గోడకు లోపలివైపు బిగించే జిప్సం పలక) పగలగొట్టాలి. గోడకు చిన్న కన్నాలు పెట్టి లోపలికి పంపే నురగ వేరే రకం, రెండూ ఒకటి కావు. మూసిన గోడల్లోకి సెల్యులోజ్‌ని ఒత్తిడితో కుక్కడం ఇంకో పద్ధతి.

తేమ ఎటు పోతుంది?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, కాంట్రాక్టర్ ధర రాసిచ్చే కోట్‌లో అసలు కనపడనిది ఇదే. వెంటెడ్ అటిక్‌లో ఇంటి ఆవిరి కొంత పైకి చేరినా రంధ్రాల్లోంచి పోతుంది. రంధ్రాలు మూశాక దానికి దారి ఏది?

హ్యూస్టన్, ఫ్లోరిడా లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఓపెన్ సెల్ కొట్టిన అటిక్‌లలో తేమ ఒక ఊయల ఊగుతుంది. రాత్రి పైకప్పు చల్లబడగానే అటిక్ గాలిలోని ఆవిరి ఫోమ్ గుండా వెళ్లి చెక్కలో ఇంకుతుంది. పొద్దున ఎండ తగలగానే చెక్క దాన్ని మళ్లీ అటిక్‌లోకి వదులుతుంది. తేమగాలి తేలిక కాబట్టి కప్పు శిఖరం దగ్గర పోగవుతుంది, చెక్క మొదట నల్లబడేదీ అక్కడే. 2018 మోడల్ కోడ్ ఇలాంటి తేమను పట్టించుకుని, గాలి దూరే ఇన్సులేషన్‌తో మూసిన అటిక్‌లకు శిఖరం దగ్గర ఆవిరి పోయే దారి, సీలింగ్ ప్రతి వెయ్యి చదరపు అడుగులకు నిమిషానికి 50 ఘనపు అడుగుల ఏసీ గాలి లాంటి ఏర్పాట్లు చెప్పింది. షికాగో లాంటి చలి ప్రాంతాల్లో సమస్య తలకిందులు: ఇంటి వెచ్చటి తేమ చల్లటి చెక్క మీద నీరవుతుంది. అందుకే అక్కడ ఓపెన్ సెల్ ఒక్కటే చాలదు, ఆవిరిని ఆపే పూత కూడా ఉండాలి.

క్లోజ్డ్ సెల్‌కి ఈ ఊయల లేదు. కానీ వడగళ్ల వానలకు కప్పులు మార్చడం అలవాటైన డాలస్‌లో వేరే ఇబ్బంది ఉంది. పాడైన ప్లైవుడ్ పలక తీయబోతే కింద ఫోమ్ జిగురులా పట్టుకుని ఉంటుంది. కారిన నీళ్లు కూడా సీలింగ్ మీద మచ్చగా కనపడేదాకా ఎక్కడో పక్కకు పాకుతూ ఉండొచ్చు.

లెస్టర్ సంగతి ఇక్కడ అర్థమవుతుంది. బ్రిటన్‌లో పాత ఇళ్ల పైకప్పులు పెంకులు, పలకరాళ్లు. వాటి కిందున్న కర్రలు గాలి ఆడుతూ ఆరేలా కట్టినవి. వాటికి నేరుగా ఫోమ్ కొడితే చినుకుల తేమ, ఇంటి తేమ కర్రలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. పైగా ఇల్లు చూడ్డానికి వచ్చిన సర్వేయర్‌కి కర్ర కుళ్లిందో లేదో కనపడదు. కనపడని కర్రకు బ్యాంకు అప్పివ్వదు. ఫోమ్ కొట్టిన ప్రతి కప్పూ కుళ్లిందని కాదు దీని అర్థం. బాగుందని రుజువు చేయలేకపోవడమే అక్కడ అమ్మేవాళ్ల కష్టం. గీకి తీయించాలంటే అది చేత్తో అంగుళమంగుళం చేసే పని, తీసేటప్పుడు కర్ర దెబ్బతినొచ్చు.

గాలి కట్టేసిన ఇంట్లో పోపు వేస్తే

సందులు మూసిన ఇంట్లో వాసనలు, తేమ, పొగ కూడా మిగిలిపోతాయి. రోజూ ఇడ్లీ ఆవిరి, ఎండుమిర్చి పోపు, డీప్ ఫ్రై ఉండే మన వంటకి ఇది చిన్న విషయం కాదు. చాలా ఇళ్లలో పొయ్యి మీది ఫ్యాన్ గాలిని జల్లెడ పట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఇళ్లలో గాలి మార్పిడికి అమెరికాలో వాడే ఆష్రే 62.2 అనే ప్రమాణం ప్రకారం కావలసిన తాజా గాలి లెక్క ఇలా ఉంటుంది: ఇంటి వైశాల్యంలో ప్రతి చదరపు అడుగుకి 0.03, దానికి పడక గదుల సంఖ్యకు ఒకటి కలిపి 7.5తో గుణించినది. 2,500 చదరపు అడుగులు, నాలుగు బెడ్రూమ్‌లైతే 75, 37.5 కలిపి నిమిషానికి 112.5 ఘనపు అడుగులు. ఇంతకుముందు ఈ గాలి సందుల్లోంచి అడగకుండానే వచ్చేది. ఫోమ్ తర్వాత దానికి ఫ్యాన్, డక్టు కావాలి.

గ్యాస్ హీటర్ విషయం ఇంకా తీవ్రమైనది. అటిక్‌లో ఉన్న పాత రకం గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ చుట్టూ ఉన్న గాలినే పీల్చుకుని మండుతాయి. అటిక్ మూసేశాక ఆ గాలి చాలక, గొట్టంలోంచి పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి ఇంట్లోకి తిరగొచ్చు. బయటి గాలిని సొంత పైపుతో తెచ్చుకునే మూసిన రకం యంత్రాలకు ఈ భయం లేదు. వాటికి మారే ఖర్చు మాత్రం ఫోమ్ కోట్‌లో ఉండదు.

రసాయనాల భయం ఎంతవరకు నిజం

ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది, కొందరిలో ఉబ్బసం తెస్తుంది. ఒకసారి పడకపోతే తర్వాత అతి కొద్దిగా తగిలినా ఒళ్లు ఎదురుతిరుగుతుంది. కొట్టేవాళ్లు బయటి గాలి అందే మాస్కులు, ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకునేది అందుకే. ఇంట్లోవాళ్లు, పెంపుడు జంతువులు బయట ఉండాలి. తయారీదార్లు సాధారణంగా చెప్పేది 24 గంటలు, కానీ ఎంతసేపన్నది గాలి ఆడే తీరును బట్టి మారుతుంది.

సరిగా కలిసి గట్టిపడ్డాక ఐసోసయనేట్ చర్యలో ఖర్చయిపోతుంది. చిక్కు ఆ ‘సరిగా’ దగ్గరే. పాళ్లు తప్పినా, చెక్క తడిగా, మరీ చల్లగా ఉన్నా, ఒకే విడతలో మందంగా కొట్టినా ఫోమ్ ఉడకని పిండిలా మిగులుతుంది. అప్పుడు నెలల తరబడి చేపల వాసన లాంటిది వదలదు. క్లోజ్డ్ సెల్‌ని విడతకు రెండంగుళాల చొప్పున కొట్టి చల్లారనిచ్చేది కూడా లోపల పుట్టే వేడి వల్లే. మందంగా కొడితే మధ్యలో మాడిపోతుంది. గట్టిపడిన ఫోమ్ కూడా మండే పదార్థమే. మనుషులుండే గదుల్లో దాని మీద అర అంగుళం షీట్‌రాక్ ఉండాలని కోడ్ చెప్పేది అందుకే.

కెనడాలో ఉన్నవాళ్లకు ఇంకో పేరు వినపడుతుంది: యూఎఫ్‌ఎఫ్‌ఐ. అది 1970లలో గోడల్లోకి పంపిన యూరియా ఫార్మాల్డిహైడ్ నురగ. కెనడా దాన్ని 1980 డిసెంబర్‌లో నిషేధించింది. ఇప్పటి పాలీయురెథేన్ ఫోమ్ అది కాదు, రెండింటినీ కలిపేసి భయపడే పని లేదు.

కోట్ కాగితంలో ఏముంటుంది

ఫోమ్ ధర బోర్డ్ ఫుట్ లెక్కన చెప్తారు. ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం మందం ఒక బోర్డ్ ఫుట్. పైన చెప్పిన 2,000 అడుగుల కప్పుకి అయిదున్నర అంగుళాలంటే 11,000 బోర్డ్ ఫుట్లు. మందం సగటుదా, కనీసపుదా అన్న ఒక్క మాటతో ఈ అంకె చాలా మారిపోతుంది. పాత ఇన్సులేషన్ తీయడం, చూరు మూయడం, మంట నిరోధక పూత విడిగా వస్తాయి.

పన్ను రాయితీ మాట ఇంకా చెప్తున్నారు కానీ, ఇన్సులేషన్ సామాన్ల ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ రాయితీ 2025 డిసెంబర్ 31 తర్వాత చేయించిన పనులకు లేదు. ఆ ఏడాది జులై 4న సంతకమైన చట్టం దాన్ని ఆపేసింది. ఉన్నప్పుడు కూడా అది సామాన్లకే, కూలికి కాదు.

హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య ఇదంతా విని మా ఇంటికీ కొట్టించొచ్చా అన్నాడు. అక్కడ అటిక్ లేదు, ఎండ నేరుగా కాంక్రీట్ స్లాబ్ మీద పడుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత, తెల్ల టైల్స్ అక్కడ చవకైన మొదటి మందు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ దారి కూడా అదే.

ఫ్రిస్కో మిత్రుడు సంతకం పెట్టేముందు బ్లోయర్ డోర్ టెస్టు చేయించాడు. వాకిట్లో గుడ్డ తలుపు బిగించి, దానికున్న ఫ్యాన్‌తో ఇంట్లో గాలి బయటికి లాగుతారు. గాలి లోపలికి ఎక్కడెక్కడ దూరుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. గ్యారేజ్ మీదున్న గది ఏటా ఉడికిపోతోందనే కదా ఇదంతా మొదలైంది. ఆ గది పొట్టి గోడ వెనక, కట్టినప్పుడు నిలబెట్టిన ఫైబర్‌గ్లాస్ జారిపోయి కింద కుప్పగా పడి ఉంది. ఆ గదికి వెళ్లే డక్టు కాలర్ (డక్టును బిగించే పట్టీ) ఊడి, చల్లగాలంతా అటిక్‌లోకి పోతోంది. ముందు ఆ రెండూ సరిచేయించాడు. ఫోమ్ కోట్ ఇంకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఈ ఆగస్టు బిల్లు వచ్చాక మళ్లీ తీసి చూస్తాడట.